కంప్యూటరు పెట్టెకూ ఊపిరాడాలి

టీవీ మీద దుమ్ము రోజూ తుడుస్తాం. ఫ్రిజ్‌ను గోడకు ఆనించకుండా కాస్త ఎడంగా పెడతాం. మరి పిల్లల చదువుకూ, ఇంటి లెక్కలకూ ఆధారమైన కంప్యూటరు పెట్టె మాటేమిటి? చాలా ఇళ్ళల్లో అది బల్ల కింద, ఓ మూల, గోడకు నొక్కుకుని వుంటుంది. పైగా దుమ్ము పడకూడదని దానికో గుడ్డ తొడుగు! వాడనప్పుడు తొడుగు మంచిదే. నడుస్తుండగా కప్పామో, దాని ముక్కు మూసినట్టే.

లోపల ప్రాసెసరు అనే ముఖ్యభాగం పనిచేస్తున్నంతసేపూ వేడెక్కుతుంది. ఆ వేడి దాని మీద బిగించిన లోహపు రేకుల్లోకి పాకితే, ఫాను గాలి దాన్ని తీసుకుపోతుంది. రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. వేడి సుమారు 100 డిగ్రీలకు చేరేసరికి ప్రాసెసరు తనను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ చల్లబడకపోతే మొత్తం ఆగిపోతుంది. అమ్మాయి పరీక్ష రాస్తుండగా ఆగిందనుకోండి, ఎంత కంగారు! పాతబడింది, కొత్తది కొనాలి అనుకునే ముందు లోపలి దుమ్ము సంగతి చూడాలి.

వంటింటి కిటికీ, తలుపూ మూసేసి ఎగ్జాస్టు ఫాను వేస్తే పొగ సరిగా పోదు కదా! ఇదీ అంతే. గాలి వచ్చే దారీ, పోయే దారీ రెండూ వుండాలి. సాధారణంగా ముందు ఫాను చల్లగాలిని లాగుతుంది, వెనక ఫాను వేడిగాలిని బయటికి తోస్తుంది. బయటినుంచి జాలీ దగ్గర పలుచని కాగితం పట్టుకుంటే ఏది లాగుతోందో, ఏది తోస్తోందో మీకే తెలుస్తుంది. తోసే గాలికంటే లాగే గాలి కొంచెం ఎక్కువగా వుండి, అది వడపోత జాలీ గుండా రావాలి. తక్కువైతే ప్రతి సందులోంచీ దుమ్ముగాలి దూరుతుంది. చల్లబడుతుందని పక్క మూత తీసి వుంచడమూ పొరపాటే. గాలి దారి తప్పుతుంది, దుమ్ము నేరుగా లోపలికి వస్తుంది.

పెట్టెను నేల మీద కాక చిన్న పీట మీద వుంచండి. వెనక జానెడు చోటు వదలండి. రెండు మూడు నెలలకోసారి శుభ్రం చెయ్యండి. ముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకెయ్యాలి. వడపోత జాలీని కడిగి, తడి పూర్తిగా ఆరాకే బిగించాలి. పక్క మూత తీశాక పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. ఒంట్లోని స్థిరవిద్యుత్తు పోతుంది. మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులపండి. ఫాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. తడిగుడ్డ పనికిరాదు. కరెంటు తీగ వచ్చి చేరే లోపలి పెట్టెను మాత్రం విప్పకండి; ప్లగ్గు పీకినా అందులో విద్యుత్తు కొంతసేపు నిలవ వుంటుంది.

ఫాను హోరు మునుపటికంటే పెరిగిందంటే లోపల ఊపిరాడటం లేదేమోనని అనుమానించండి. శుభ్రం చేశాక కూడా ఆగిపోతుంటే, అప్పుడు మెకానిక్కును పిలిపించండి.