భీముని కొలను దాటితేనే కైలాస ద్వారం

శ్రీశైలం, ఇక వచ్చేసినట్టేనని యాత్రికుడు ఊపిరి పీల్చుకునే వేళకు కాళ్ల ముందు దారి ఒక్కసారిగా లోయలోకి దిగిపోతుంది. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నల్లమల అడవిలో నడిచి వచ్చేవారికి ఆఖరి రోజు పరీక్ష ఇదే. పేరు భీముని కొలను.

శివరాత్రికి ఈ దారిన బయలుదేరినవారు మొదట నాగలూటి చేరతారు. అక్కడి వీరభద్రాలయం చాలావరకు శిథిలమైపోయింది. తర్వాత చెంచుగూడెం ఉన్న పెద్దచెరువు. చాలామంది రాత్రికి అక్కడే నడుం వాల్చి, తెలతెలవారుతుండగా మూటలు నెత్తికెత్తుకుంటారు. మఠంబావి దాటేసరికి ఎండ చురుక్కుమంటుంది. అక్కడి నుంచి మాటలు తగ్గిపోతాయి, శివనామం ఒక్కటే వినిపిస్తుంది.

లోయ అంచు నుంచి కిందికి రాతిమెట్లు ఉన్నాయి. ఒక మెట్టు జానెడు, ఇంకొకటి మోకాలెత్తు. వందల ఏళ్లుగా పాదాలు తగిలి కొన్ని నున్నగా అరిగిపోయాయి. కొన్నిచోట్ల రాయి కదిలి మట్టి మాత్రమే మిగిలింది. దిగడం తేలికేనని పరుగు తీసిన కుర్రవాళ్లు నాలుగు మలుపులు తిరిగేసరికి పిక్కలు పట్టుకుని కూర్చుంటారు. ముసలివారే నయం, చేతికర్ర ఊతంగా మెట్టు మెట్టుకూ ఆగి పదిలంగా దిగుతారు.

ద్రౌపదికి దాహమైతే భీముడు గదతో కొండను మోది నీళ్లు రప్పించాడని స్థలపురాణం. కథ మాటెలా ఉన్నా, రెండు కొండల నడుమ ఆ చీలికను చూసినవారికి అలాగే అనిపిస్తుంది. అడుగున కాసేపు సేద తీరి తలెత్తి చూస్తే దిగినంతా మళ్లీ ఎక్కాలని తెలుస్తుంది.

"ఇంకెంత దూరముందన్నా?" అని అడిగినవారికి ఎదురుగా ఎవరున్నా ఒకటే జవాబు: "ఈ మెట్లెక్కితే వచ్చేసినట్టే!" పది మలుపుల కింద కూడా అదే మాట చెప్పి ఉంటారు.

ఈ మెట్లు రెడ్డి రాజుల నాటివని ప్రతీతి. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడన్నది చరిత్రకెక్కిన విషయం. గోపురాలు కట్టించిన రాజులు ఎందరో ఉన్నారు. నడిచి వచ్చేవాడి మోకాళ్ల గురించి ఆలోచించినవారు అరుదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ముందుగా శ్రీశైలం వచ్చి వెళ్లింది ఆత్మకూరు, పెద్దచెరువుల మీదుగానే. బస్సులు తిరిగే ఘాట్ రోడ్లు పడ్డాక పాత బాట పక్కకు తప్పుకుంది.

మెట్లు అయిపోయేచోట కైలాస ద్వారం. ఇంతటి పేరు విని ఆకాశాన్నంటే గోపురాన్ని ఊహించుకున్నవారికి అక్కడున్న పాత రాతి కట్టడం చిన్నదిగానే కనిపించవచ్చు. కాని లోయలోంచి ఎక్కివచ్చినవాడి కంటికి అలా కనిపించదు. చెప్పులు పక్కన విడిచి సాష్టాంగపడేవారు కొందరు, వెనుక వస్తున్న తల్లి కోసం మెట్ల వైపే చూస్తూ నిలబడేవారు కొందరు. ఒకరికొకరు ఏమీ కానివారు కూడా అక్కడ నీళ్ల సీసా పంచుకుంటారు. ఆపై హాటకేశ్వరం, అక్కడ తారు రోడ్డు, రోడ్డు వెంట శ్రీశైలం.

ఇది పులుల అభయారణ్యం. అందుకే శివరాత్రికీ, ఉగాదికీ మాత్రమే అటవీశాఖ ఈ దారిన జనాన్ని వదులుతుంది. ఉగాదికి వచ్చేవారిలో అత్యధికులు కన్నడిగులు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి చీర, పసుపు, కుంకుమ మోసుకొస్తారు. అప్పటికి ఎండ ముదురుతుంది, అడవిలో కుంటలు అడుగంటుతాయి. ఆ రోజుల్లో నీటి తొట్టి ఎక్కడుందన్నదే ప్రాణం మీది మాట.

అడవికి మనుషుల సందడి లేకపోవడం మంచిదే. కాని ఏడాదిలో తక్కిన రోజుల్లో ఈ మెట్లను చూసే కన్ను కూడా ఉండదు. వానాకాలం వాగు ఒక రాయిని దొర్లిస్తే మరుసటి శివరాత్రికి దాని పక్క రాయి కూడా వదులవుతుంది. నల్లమలలోని పాత గుళ్లకు గుప్తనిధుల వేటగాళ్ల బెడద సరేసరి. దొర్లిన రాళ్లలో చాలావరకు ఆ పక్కనే పొదల్లో పడి ఉంటాయి. వాటిని ఎత్తి తిరిగి వాటి చోట పేర్చడానికి సిమెంటు అక్కర్లేదు. పండుగ బందోబస్తుకు నెల ముందు పదిమంది కూలీలు, వారిపైన రాతిపని తెలిసిన ఒక మేస్త్రీ చాలు.