డిసెంబర్ చివర్లో అండమాన్ టికెట్టు: ఆ రేటు ఎట్టా పుడతది, మనం ఎక్కడ తప్పించుకోవచ్చు

మొన్న చల్లపల్లి వైపు నుంచి ఐదుగురు కుర్రాళ్ళు మా ఇంటికొచ్చారు. ఒకడు డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నాడు, ఒకడు రొయ్యల చెరువు కాడ పని చేస్తన్నాడు, మిగతా ముగ్గురూ ఇంకా చదువుతున్నారు. డిసెంబర్ 28న బయల్దేరి కొత్త సంవత్సరం అండమాన్‌లో చేసుకోవాలని వాళ్ళ ఆశ. ఏడాది నుంచీ నెలకింతని దాచుకున్నారంట. ఫోన్ తీసి చూపించారు. గన్నవరం నుంచి రానూపోనూ మనిషికి ముప్పై వేలు దాటింది.

"బాబాయ్, వారం కిందట చూస్తే ఇరవై ఆరే ఉంది. మేం మాటిమాటికీ చూస్తన్నామని పెంచేస్తన్నారా?" అన్నాడొకడు.

వాళ్ళకి చెప్పింది ఇక్కడ మీకూ చెప్తన్నా. మీలో చాలామందికి ఇదే అనుమానం ఉంది. "హంసలదీవి కాడ సముద్రం లేదా, అంత దూరం పోవాలా" అని పెద్దాళ్ళు అంటారు, అననీయండి. మన ఊళ్ళ పిల్లలు విమానమెక్కి దీవులు చూడాలనుకోవడంలో తప్పేం లేదు. ఏడాది పొదుపంతా టికెట్టుకే పోతే మాత్రం బాధే.

ముందుగా దారి సంగతి. గన్నవరం నుంచి అండమాన్‌కి నేరుగా విమానం లేదు. హైదరాబాద్ మీదుగానో, చెన్నై మీదుగానో పోవాలి. ఒకప్పుడు విశాఖ నుంచి నేరుగా నడిచింది, తర్వాత ఆగిపోయింది. ఇంకోటి, 2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు. విజయవాడ నుంచి విజయపురానికి అని మావాళ్ళు నవ్వుకుంటన్నారు గానీ, పాత పేరుతో వెతికినా దొరుకుద్ది.

ఇక రేటు. విమానంలో 180 సీట్లున్నాయనుకోండి. 180కీ ఒకే రేటు పెట్టరు. ముందే పది పన్నెండు గుంపులు చేస్తారు, ఒక్కో గుంపుకి ఒక్కో రేటు. అన్నిటికన్నా చవక గుంపులో కొన్ని సీట్లే ఉంటాయి. అవి అయిపోతే పై గుంపు, అదీ అయిపోతే ఆ పైది. కూర్చునే సీటు ఒకటే, ఇచ్చే నీళ్ళ సీసా ఒకటే. పక్క సీటాయన మీకంటే సగానికి కొనుండొచ్చు. గిరాకీ ఎట్టా ఉందో చూసి ఏ గుంపులో ఎన్ని సీట్లు ఉంచాలో కంప్యూటర్ రోజూ మారుస్తా ఉంటది. కుర్రాళ్ళు చూసిన ఇరవై ఆరు వేలు ఒక గుంపు, ముప్పై వేలు దాని పై గుంపు. మీరు పదిసార్లు చూశారని పెంచారనడానికి నాకెక్కడా రుజువు కనపడలా. ఆ మధ్యలో ఇంకెవరో కొనేశారు, అంతే.

ఈ గుంపుల సంగతి తెలిస్తే ఒక లాభం ఉంది. మనవాళ్ళు ఐదుగురూ కలిసి ఒకేసారి ఐదు సీట్లని వెతుకుతున్నారు. చవక గుంపులో మూడే మిగిలాయనుకోండి, ఐదు ఒక్కచోట లేవు కాబట్టి ఐదింటికీ పై గుంపు రేటే చూపిస్తది. ముందు ఒక్కడికని వెతకండి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి. రేటు ఎక్కడ ఎగిరిందో అక్కడ ఆపి, ముగ్గురికి ఒక టికెట్టు, ఇద్దరికి ఒక టికెట్టు కొనుక్కోండి. విమానం అదే. అందరూ పక్కపక్కన కూర్చోకపోవచ్చు, రెండు గంటల ప్రయాణానికి అదేం కష్టం? చదువుకునేవాళ్ళు విద్యార్థి టికెట్టు కూడా చూడండి. కొన్ని కంపెనీలు కాస్త తగ్గించి, 15 కిలోల సామాను మీద ఇంకో పది కిలోలు ఇస్తాయి. కాలేజీ గుర్తింపు కార్డు మాత్రం వెంట ఉండాలి.

అసలు తిరకాసు తేదీల కాడ ఉంది. డిసెంబర్ 20 నుంచి జనవరి మొదటి వారం దాకా దేశమంతా అటే చూస్తది. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఎల్‌టీసీ అని ప్రయాణ సదుపాయం ఉంది. సొంతూరు వెళ్ళే ఎల్‌టీసీ బదులు అండమాన్‌కి విమానంలో వెళ్ళొచ్చని వాళ్ళకి ప్రత్యేక వెసులుబాటిచ్చారు. విమానానికి అర్హత లేని చిన్న ఉద్యోగులకీ అది వర్తిస్తది. వాళ్ళ మీద నాకు కోపం లేదు, అది వాళ్ళ హక్కు. కాకపోతే వాళ్ళ టికెట్టు డబ్బు ప్రభుత్వం నుంచి వస్తది, మన డబ్బు జేబులోంచి పోద్ది. ఒకే సీటుకి ఇద్దరూ పోటీ. పైగా అక్కడి రన్‌వే నేవీ చేతిలో ఉంది, అడిగినన్ని విమానాలు దించే వీల్లేదు. సీట్లు తక్కువ, జనం ఎక్కువ.

మనకి తీరికేమో సరిగ్గా అప్పుడే. సార్వా కోతలు, నూర్పిళ్ళు అయ్యేటప్పటికి క్రిస్మస్, ఆ వెనకే సంక్రాంతి. కాలేజీలకీ అప్పుడే సెలవులు. తన టైము తన చేతిలో ఉన్నోడికి టికెట్టు చవక, టైము పైవాడి చేతిలో ఉన్నోడికి ఖరీదు. ఇక్కడ పేదోడే ఎక్కువ కడతన్నాడు.

అందుకని కుర్రాళ్ళకి చెప్పా, కొత్త సంవత్సరం మోజు వదులుకోండిరా అని. జనవరి 26 సెలవు దాటాక, ఫిబ్రవరి మొదటి పదిహేను రోజుల్లో మంగళవారమో బుధవారమో వెళ్ళి, మళ్ళీ వారం మధ్యలోనే తిరిగి రండి. వానలుండవు, సముద్రం నెమ్మదిగా ఉంటది, రేటు డిసెంబర్ చివరంత మండదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఇంకా చవక గానీ, గాలీవానకి హావ్‌లాక్ పడవలు ఆగిపోతే హోటల్ గదిలో కూర్చుని చినుకులు లెక్కపెట్టాలి. ఆ హావ్‌లాక్‌కీ 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. ప్రైవేటు పడవ కన్నా ప్రభుత్వ పడవ బాగా చవక, అది గుర్తుంచుకోండి.

సంక్రాంతికైతే ఇంకో లెక్క. జనవరి 10 నుంచి 13 దాకా జనమంతా హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నుంచి డెల్టాకి వస్తారు. అప్పుడు ఇటొచ్చేది మంట, ఇటు నుంచి అటు పోయేది చవక. పండగ అయ్యాక నాలుగైదు రోజులు తిరగబడుద్ది. పోటుకి ఎదురు పడవ నడిపినట్టు జనానికి ఎదురు నడవగలిగితే మిగులుద్ది.

ఇప్పుడు నేను చేసిన తప్పొకటి చెప్తా. కొన్నేళ్ళ కిందట అక్కడి తెలుగు కూలీల్ని కలవడానికి వెళ్ళాల్సొచ్చింది. డబ్బు మిగుల్చుకుందామని గన్నవరం నుంచి చెన్నైకి ఒక టికెట్టు, చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి వేరే కంపెనీలో ఇంకో టికెట్టు విడివిడిగా కొన్నా. కలిపి కొన్నదానికన్నా పదిహేను వందలు తగ్గింది, భలే చేశాననుకున్నా. డిసెంబర్ పొద్దున గన్నవరంలో మంచు ఎట్టా ఉంటదో మీకు నేను చెప్పాలా? రన్‌వే కనపడలా. రెండున్నర గంటలు లేటు. చెన్నైలో దిగేసరికి రెండో విమానం గాల్లో ఉంది. మొదటి కంపెనీకి నా రెండో టికెట్టుతో సంబంధం లేదు, రెండో కంపెనీకి నేను రాకపోవడమే లెక్క. రెండూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే, తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్ళ నెత్తిన ఉండేది. చదువురాని తప్పు కాదది, అతి తెలివి తప్పు.

విడిగా కొనాల్సొస్తే మధ్యలో ఒక రాత్రి ఉంచుకోండి. అంతకన్నా మేలైన దారి, చెన్నై దాకా రైల్లో పోవడం. విజయవాడ నుంచి చెన్నై 430 కిలోమీటర్ల దూరం. పగలైతే పినాకిని, 2023 నుంచి వందే భారత్ కూడా ఉంది. గుడివాడ వైపు వాళ్ళకి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఉంది, అది ఎగ్మోర్ మీదుగా పోద్ది. ఎగ్మోర్‌లో లోకల్ రైలెక్కి తిరుసూలంలో దిగితే ఎదురుగానే ఎయిర్‌పోర్టు. సెంట్రల్‌లో దిగినోళ్ళకి మెట్రో ఉంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తన్నారు, 2024 నవంబర్‌కి ముందు 120 రోజులుండేది. కాబట్టి విమానం టికెట్టు ముందు కొని, రైలు తేదీ తెరిచిన పొద్దున్నే కూర్చుని పట్టుకోవాలి.

ఓడ గురించి కూడా అడుగుతారు. విశాఖ, చెన్నై, కోల్‌కతా నుంచి ప్రభుత్వ ఓడలు నడుస్తాయి. బంకు క్లాసు విమానం కన్నా ఎంతో చవక, సముద్రం మీద దాదాపు మూడు రోజులు. విశాఖ నుంచి అరుదుగా ఉంటది, తేదీలు ముందు తెలియవు. పదిహేను రోజులు ఖాళీ ఉన్నోడికే అది. నా వరకు నాకు ఓడంటే ఇష్టం గానీ వాంతులు తట్టుకోవాలి.

కొనేటప్పుడు కడపటి పేజీ చూసి పోల్చుకోండి. ముందు నాలుగు వేలని చూపించి, చివర్లో కన్వీనియన్స్ ఫీజు, మీరు అడగని బీమా, సీటు ఎంపిక అని కలుపుతారు. ఇట్టాంటి చాటుమాటు వడ్డింపుల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లోనే నిబంధనలు తెచ్చింది. వద్దనుకున్న టిక్కు తీసెయ్యండి. పొరపాటున తప్పు తేదీకి కొన్నారా? ప్రయాణం వారమన్నా దూరంలో ఉండి, కంపెనీ సైటులోనే కొనుంటే, 48 గంటల్లోపు రద్దు చేసుకుంటే కోత లేకుండా డబ్బు వెనక్కివ్వాలని డీజీసీఏ నియమం ఉంది. తర్వాత రద్దు చేసుకున్నా, అసలు ఎక్కకపోయినా, పన్నులూ ఎయిర్‌పోర్టు యూజర్ ఫీజులూ తిరిగివ్వాల్సిందే. అడగనోడికి ఇవ్వరు. నేను పోగొట్టుకున్న టికెట్టు మీద రెండు నెలలు వెంటపడితే ఆ కాస్తా వచ్చింది.

ఈ కిటుకులన్నీ తేదీ మార్చుకోగలిగినోళ్ళకే. మార్చుకోలేనోడి సంగతేంటి? 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ జనం 3.8 లక్షలు, అందులో తెలుగు మాతృభాషగా ఉన్నోళ్ళు 50 వేల పైచిలుకు. శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి వెళ్ళిన జాలర్ల కుటుంబాలే ఎక్కువ. మన బందరు వైపు వాళ్ళూ కొందరున్నారు. అట్టా వెళ్ళిన వడ్రంగి ఒకతను పోయిన సంక్రాంతికి నాకు ఫోన్ చేశాడు. ఇక్కడ వాళ్ళమ్మ ఒక్కతే. భోగి నాటికి రావాలి. చెన్నై దాకా ఒక్క వైపుకే అతని పదిహేను రోజుల కూలి అడుగుతున్నారు. ఓడ తేదీ కలవలా. ఫిబ్రవరిలో రావయ్యా అని ఎట్టా చెప్పను, భోగి ఫిబ్రవరిలో రాదుగా.

ఇట్టాంటప్పుడు "రేటు మార్కెట్ ఇష్టం, ప్రభుత్వం చేసేదేం లేదు" అంటారు. అది నిజం కాదు. 1994లో పాత ఎయిర్ కార్పొరేషన్ల చట్టం తీసేశాక రేట్లు కంపెనీలకి వదిలారు, సరే. కానీ 1937 నాటి విమాన నియమాల్లో 135వ నియమం సహేతుకమైన లాభం చూసుకుని రేటు పెట్టమంది. మరీ ఎక్కువ పెడితే ఆదేశాలిచ్చే అధికారం డీజీసీఏకి ఇచ్చింది. వాడారు కూడా. కరోనా అప్పుడు 2020 మే నుంచి 2022 ఆగస్టు దాకా రేటుకి కిందా పైనా గీత గీశారు. 2025 డిసెంబర్‌లో ఇండిగో విమానాలు వేలల్లో రద్దయి మిగతా కంపెనీలు రేట్లు ఎక్కించినప్పుడు, 500 కిలోమీటర్ల దాకా 7,500, వెయ్యి దాకా 12,000, పదిహేను వందల దాకా 15,000, ఆ పైన 18,000 రూపాయలు మించొద్దని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. పన్నులూ ఫీజులూ దానికి అదనం. చెన్నై నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాదాపు 1,350 కిలోమీటర్లు, అంటే 15,000 గీత కింద పడుద్ది. ఆ గీతా తక్కువేం కాదు. కానీ గీయొచ్చని తేలింది కదా.

2024 ఫిబ్రవరిలో పార్లమెంటు రవాణా, పర్యాటక స్థాయీ సంఘం, విజయసాయి రెడ్డి ఛైర్మన్‌గా ఉన్నప్పుడు, ఒక్కో రూటుకి ఒక్కో గరిష్ఠ రేటు పెట్టే ఏర్పాటు చూడమని సిఫారసు చేసింది. ఇప్పుడు విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. అండమాన్‌లో ఉన్న తెలుగోళ్ళలో ఎక్కువమంది ఆయన వైపు వాళ్ళే. పండగ పది రోజులకి దీవుల రూట్ల మీద గీత గీయమని ఆయన్ని అడగాల్సింది మనం. మన ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కోత కోయడానికి ప్రభుత్వానికి మిషన్ ఉంది, నియమం ఉంది. పండగ వారం టికెట్టు రేటు దాటితే కోయడానికి నియమం ఉండి కూడా మిషన్ లేదు.

వడ్రంగి చివరికి జనవరి 29న వచ్చాడు, ఐదు రోజులుండి పోయాడు.

చల్లపల్లి కుర్రాళ్ళు ఫిబ్రవరి మొదటి బుధవారం అనుకున్నారు. చెన్నై దాకా రైలు, అక్కడో రాత్రి, తెల్లారి విమానం. ముగ్గురిదీ ఒకటి, ఒకడిది విడిగా, నాలుగు టికెట్లు నా ఎదురుగానే కొన్నారు. చెరువు కాడ పనిచేసేవాడు మాత్రం కొనలా. పట్టుబడి సరిగ్గా ఆ వారమే పడొచ్చంట. ఓనరుని అడిగి దీపావళి అయ్యాక చెప్తానన్నాడు.