కార్తె తప్పిన వాన – జహీరాబాదు వంటయిల్లు

తెలంగాణమునకు పడమటి యంచున, బీదరుసీమ ననుకొని, జహీరాబాదను చిన్నపట్టణము కలదు. హైదరాబాదునుండి బొంబాయికి పోవు రాజమార్గము దీని మీదుగనే పోవును. వికారాబాదునుండి పర్లికి పోవు రైలుదారియు నిదియే. అంగడివీథిలో నాలుగడుగులు నడచినచో తెలుగు, ఉరుదూ, కన్నడము, మరాఠీ నాలుగును చెవిని బడును. అల్లపు బస్తాలు, ఆలుగడ్డల బస్తాలు, చెఱకు మోపులు, కోహీరు జామపండ్ల గంపలు ఋతువును బట్టి దర్శనమిచ్చుచుండును. ఈ యూరిని గూర్చి వ్రాయువారు సాధారణముగ ట్రాక్టరుల కర్మాగారమును గూర్చియో, రాబోవు పరిశ్రమలను గూర్చియో వ్రాయుదురు. మేము వ్రాయదలచినది వేఱు. ఆకాశము తన వేళలను మార్చుకొనుచుండగా ఆ యూరిలోను, చుట్టుపట్ల పల్లెలలోను వంటయిల్లెట్లు నడచుచున్నదో అదియే మా విషయము.

ఈ ప్రాంతము సముద్రమట్టమునకు 600 మీటర్లకు పైబడిన మెట్టభూమి. ఒకవంక ఎఱ్ఱని మొరపనేల, మఱియొకవంక నల్లరేగడి. మొరపనేల వాననీటిని నిలుపదు. రేగడి త్రాగి దాచుకొనును. తెలంగాణమనగనే ఎండలసీమ యని తలంచు సోదరీమణులకు ఇచటి చలి వింతగొల్పును. పుష్యమాసమున రాష్ట్రములో నెల్ల మిక్కిలి చలి యెచటనని పత్రికలు ప్రకటించు పట్టికలలో ఆదిలాబాదు అడవులతోపాటు కోహీరు, న్యాల్కల్ పేర్లు తఱచు కానవచ్చును. ఆ దినములలో తెల్లవాఱుజామున లేచి పొయ్యి రాజేయువారి కష్టము లేచువారికే తెలియును. కాని ఆ చలియే పంటకు ప్రాణము. రాత్రులు చల్లగా నుండనిదే ఆలుగడ్డ నేలలో గడ్డకట్టదు. శనగచేనికి మంచే సగము నీరు.

ఇచటి యింటిపని యంతయు కార్తెలను బట్టి నడచుచు వచ్చినది. రోహిణి యెండలు కాయుచుండగనే మామిడికాయ తొక్కు పెట్టవలెను, మిరపకాయలెండవలెను, వరుగులు, వడియములు డాబాలపై నెక్కవలెను, పిడకలు పోగై చాటునకు చేరవలెను. జూను మొదటివారము దాటగనే మృగశిర; దానినే ఇచటివారు మిరుగమందురు. ఆ నాటికి విత్తనము సిద్ధముగ నుండవలెను. ఆరుద్రలో విత్తులు, పుష్యమి ఆశ్లేషలలో కలుపు, పుబ్బ ఉత్తరలలో పెసలు మినుములు ఇల్లు చేరుట, హస్త చిత్తలలో యాసంగి జొన్న విత్తుట. ఈ వరుసను కోడలికి అత్త చెప్పెడిది. కాగితము మీద నెవ్వరును వ్రాసి యీయలేదు.

ఇప్పుడా వరుస కదలినది. వాన బొత్తిగా లేకపోయినదనుట సత్యము కాదు. కొన్ని యేండ్లు మునుపటికంటె హెచ్చుగనే కురియుచున్నది. చిక్కంతయు అది కురియు తీరులో నున్నది. మిరుగము పొడిగ పోవును. విత్తిన పిమ్మట ఇరువది దినములు మబ్బు కానరాదు. కోతవేళకు నాలుగు దినములలో నెలవాన కురిసి పోవును. 2014, 2015 సంవత్సరముల కఱవు వలన 2016 వేసవికి మంజీరానదిపైనున్న సింగూరు జలాశయము అడుగంటినది. హైదరాబాదునకు త్రాగునీ రంపు ఆ జలాశయముననే నీరు లేకపోయెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు వానలకు అది మరల నిండెను. ఎండుటయు నిండుటయు ఒక్క యేటనే! 2023 మార్చి నడుమ జహీరాబాదు, వికారాబాదు ప్రాంతములలో వడగండ్లు పడి నేల తెల్లనై పోయినది. మంచుదేశముల బొమ్మలలో చూచిన దృశ్యము మన మామిడిపూత మీద కనబడినది.

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు కారణము కఠినమైనది కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో నించుమించు నూటికి 7 వంతులు ఎక్కువ తేమను పట్టుకొనగలదు. అది నిండుటకు ఆలసించును. కురిసినప్పుడు ఒక్కసారిగ క్రుమ్మరించును. మనకు ఉత్తరమున నున్న మధ్యభారతములో విస్తారముగ పడు అతివృష్టులు 1950 మొదలు 2015 వఱకు గల కాలములో మూడింతలైనవని 2017లో ప్రకటింపబడిన యొక పరిశోధన తెలిపినది.

ఈ మార్పు మగవారికి పొలముగట్టున తెలియును, ఆడువారికి చాటలో తెలియును. పెసరచేను 65, 70 దినములలో కాయ ముదిరి కోతకు వచ్చును. ఆ వారములోనే ముసురు పట్టినచో గింజ కాయలోనుండగనే మొలకెత్తును. అట్టి పెసలు పప్పునకు రావు, మఱుసటేటి విత్తనమునకును రావు. జొన్నకంకి పాలు పట్టి గట్టిపడు సమయమున వాన నిలిచినచో గింజకు బూజు పట్టి నల్లనగును. ఆ పిండితో రొట్టె చేసినచో చేదు. ఏప్రిలులో వడగండ్లు పడినచో తొక్కునకు కాయ యుండదు. కాయ దొరకినను ముక్క లార్చుటకు ఎండ యుండదు. పట్టణములో నివసించు గృహిణి యిదంతయు అంగడిధరలో చూచును. అల్లము ధర ఒక యేడు ఆకాశమంటును. మఱుసటేడు నేల గఱచును. పల్లెటి గృహిణికి అది గుమ్మిలో లోటుగ కనబడును, అనగా ఫాల్గుణమునాటికి గుమ్మి అడుగు తట్టి చూచుకొనుట.

మఱి ఈ సీమవారు చేయునదేమి? ఇచటనే జహీరాబాదు పేరు దేశాంతరములకు ప్రాకిన సంగతి చెప్పవలెను. పట్టణమునకు ప్రక్కనే యున్న పస్తాపూరు గ్రామము కేంద్రముగ 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యను సంఘము పుట్టినది. దాని స్థాపకులలో నొకరైన పి. వి. సతీశ్ గారు 2023లో కాలధర్మము నొందిరి. ఆ సంఘమునకు బలము చుట్టుపట్ల పల్లెల దళితస్త్రీల సంఘములు. వారిలో అనేకులకు అక్షరములు రావు. భూమి యన్నచో ఎకరమో రెండెకరములో, అదియు మొరపనేల. వారు క్రొత్తగ కనిపెట్టినదేమియు లేదు. తమ యవ్వలు చేసిన కలగలుపు సేద్యమును విడువక పట్టుకొనిరి, విడిచినవారు మరల మొదలిడిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఈ స్త్రీల సంఘమునకు ఈక్వేటర్ బహుమాన మిచ్చిరి.

ఆ సేద్యములోని యుక్తి గృహిణులకు సులభముగ నర్థమగును. మనము పోపులడబ్బాలో అన్నియు కొంచెము కొంచెము నుంచుకొనునట్లే. ఒకే మడిలో జొన్న, కంది, పెసలు, మినుములు, కొఱ్ఱలు, సామలు, సజ్జలు, అలచందలు, అనుములు, నువ్వులు, పుంటికూర సాళ్లుసాళ్లుగ విత్తుదురు. పది రకములకు తక్కువైనచో వారికి చేను బోసిగ తోచును. పెసలు రెండు నెలలకు పైబడి వచ్చును. కొఱ్ఱ, సామ మూడు నెలలలోపుననే చేతికందును. జొన్న మూడున్నర నెలలు. కంది దాదాపు ఆఱు నెలలు నిలిచి, నిలువువేరు లోతునకు దింపి, పైవారెవ్వరికి నందని తడిని త్రాగును. ఆషాఢమున వాన మొండికేసినచో పెసలు పోవచ్చును, కంది నిలుచును. ఆశ్వయుజమున ముసురు పట్టినచో జొన్న నల్లనగును, కాని కొఱ్ఱ అప్పటికే గుమ్మిలో నుండును. ఎంత చెడ్డ యేడైనను చేను మొత్తము పోవుట యరుదు. కందివేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చుటచే ప్రక్కనున్న జొన్నకు ఎరువు ఖర్చును తగ్గును.

యాసంగిలో రేగడినేలలపై పండించు జొన్న, శనగ, కుసుమలు, అవిసెలను వీరు సత్యం పంటలందురు. వానయు లేదు, బావినీరును లేదు. నేలలో దాగిన తడితో, రాత్రి మంచుతో పండును. నేలయొక్క సత్యము వలన పండునవని వారి భావము. ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. అయితే హస్త చిత్తలలో నొక మంచివాన పడి రేగడి కడుపునిండ త్రాగవలెను. ఇప్పుడా వాన వచ్చినచో వరదవలె వచ్చుచున్నది, లేదా స్వాతి వఱకు వచ్చుటయే లేదు. అందుచే సత్యం పంటకును కష్టకాలమే.

కలగలుపు చేనిలో విత్తకయే వచ్చు నొక సంపద కలదు; అది ఆకుకూరలు. జొన్నచెంచలి, తుమ్మికూర, దొగ్గలికూర, అడవి పుల్లకూర, ఉత్తరేణి, గునుగు మొదలైనవి తొలకరితో లేచును. ఇవి బజారులో అమ్మవు, లెక్కలకెక్కవు. బియ్యము లేని దినమున కూరతోడి అంబలియే పిల్లల కడుపు నింపినది. గునుగు లేతగ నున్నప్పుడు కూర; ముదిరి పూసినప్పుడు బతుకమ్మకు పువ్వు. కలుపుమందు చల్లిన చేలలో గునుగు మొలవదు. బతుకమ్మకు గునుగుపూలు కొనుక్కొన వలసివచ్చుచున్నదని పట్టణములలోని యువతులు ఆశ్చర్యపడుదురు. కారణము చేనిలో నున్నది.

ఇక విత్తనము. ఇది ఇచట ఆడువారి యధికారము. కోతకు ముందే చేనిలో తిరిగి మంచి కంకుల నేరుదురు. ఎండబెట్టి, బూడిదయు వేపాకును కలిపి, పేడతోను మట్టితోను అలికిన వెదురుబుట్టలలో పోసి మూత మెత్తుదురు. లేనివారికి సంఘము విత్తన మిచ్చును. పంట వచ్చినపిమ్మట తీసికొన్నదానికంటె హెచ్చుగ కొలిచి తిరిగి యీయవలెను. మొదటిసారి విత్తినది ఎండిపోయినచో మరల విత్తుటకు బుట్టలో గింజ యున్నయిల్లు ధైర్యముగ నుండును. దుకాణమునకు పరుగెత్తవలసినయిల్లు అప్పులో పడును. ఈ సంగతులనే తమ యాసలో ఒకరికొకరు చెప్పుకొనుటకై ఆ స్త్రీలు 2008 అక్టోబరు 15వ తేదీన మాచునూరు గ్రామమున సంగం రేడియోను ప్రారంభించిరి. దేశములో పల్లెటి స్త్రీలు తమంతట తాము నడపిన తొలి రేడియోలలో నది యొకటి. విత్తనము, కూరలు, పాటలు, మంత్రసానితనము అన్నియు నందు వినవచ్చెను.

ఇంత మేలైనచో అందఱును దీనినే ఏల చేయరని పాఠకురాండ్రడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. బడిజీతములు, మందులు, పెండ్లిండ్లు రొక్కమును కోరును. రొక్కము చెఱకులోను, అల్లములోను, ప్రత్తిలోను కనబడును. అందుకు ఎవ్వరిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. చవుకబియ్యము వచ్చినపిమ్మట జొన్నరొట్టె వెనుకబడినది. బియ్యము కడిగి పొయ్యిమీద పెట్టిన నన్నమగును, రొట్టెకు విసరవలెను, వేడినీట పిండి తొక్కవలెను, చేతులతో తట్టవలెను. కొఱ్ఱలు, సామలు పొట్టు వదలు వఱకు దంచుట భుజము లెఱిగిన పని. 2023ను ఐక్యరాజ్యసమితివారు చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినప్పుడు సభలలో ఉపన్యాసములు చాల జరిగినవి. దంచువా రెవరన్న మాట మాత్రము మేము వినలేదు. పొట్టుతీయు చిన్నమరలు పల్లెకొకటి చేరనిదే ఈ ధాన్యములు కోడండ్రకు ప్రియము కావని మా యభిప్రాయము. భూమి సంగతియు నున్నది. న్యాల్కల్, ఝరాసంగం మండలములలో 12 వేల యెకరములకు పైగ పరిశ్రమలకై సేకరింప సంకల్పించినారు. చేను పోయినపిమ్మట గింజల బుట్టతో నేమి చేయవలెనో ఆ పథకములలో వ్రాసియుండదు.

అయినను ఈ శతాబ్దారంభము నుండి ప్రతియేటను సంక్రాంతి పండుగ మొదలుకొని సంఘపు స్త్రీలు ఎడ్లబండ్ల నలంకరించి, వానిపై తీరుతీరు విత్తనముల నుంచి, పాత పంటల జాతర యను పేర నూరూర త్రిప్పుచు వచ్చిరి. చూడవచ్చినవారు తమయొద్ద లేని గింజను గుర్తుపట్టి అడుగుదురు. ఒకప్పుడు తమ యింటనే యుండినదని అవ్వలు చెప్పుదురు.

దానికి ముందుగ, మార్గశిరమాసపు అమావాస్యనాడు, బీదరు కలబురగి సీమలవలెనే ఇచటను ఎల్లమావాస్య జరుపుదురు. అప్పటికి యాసంగి జొన్న మోకాలు దాటియుండును, శనగ పూతమీద నుండును, కంది కాయ పట్టియుండును. కడుపుతోనున్న యాడుబిడ్డకు పెట్టినట్లు భూమితల్లికి పెట్టు పండుగ యిది. పట్టణములో నున్నవారును ఆ దినమున బండ్లు కట్టుకొని, లేదా మోటారులెక్కి, చేలకు పోవుదురు. సజ్జరొట్టెలు, అంబలి, భజ్జికూర వండి తీసికొనిపోవుదురు. భజ్జికూరకు కొలత లేదు: పచ్చి కందిగింజలు, అనపగింజలు, శనగాకు, చుక్కకూర, మెంతికూర, వంకాయ, చింతపులుసు, శనగపిండి – ఆ యేడు చేను ఏమిచ్చినదో అదియెల్ల నందులో పడును. చేనిలో జొన్నదంట్లతో చిన్నపందిరి వేసి పూజచేసి, మొదటి ముద్ద నేలకు పెట్టి, అందఱును వరుసగ కూర్చుండి భుజింతురు. ప్రక్కచేనివారిని పిలువక తినరు. మిగిలిన యన్నమును ఇంటి పెద్దావిడ చేనికి నాలుగుమూలల చల్లివచ్చును. పొద్దు వ్రాలకముందే పిల్లలకు శాలువలు కప్పి బయలుదేరుదురు. ఆ మాసమున ఆ మెట్టలమీద చలి చీకటితోడనే దిగును.