మినీవ్యాన్ ఎంత తాగుతుంది? నేపర్‌విల్ నుంచి పదిహేనేళ్ళ లెక్క

2008 జూలైలో మేము టొయోటా సియెన్నా కొన్నాం. దేశమంతటా గ్యాస్ సగటున గ్యాలన్ 4 డాలర్ల పైనే ఉన్న నెల అది. "ఇలాంటప్పుడు వ్యాన్ ఏమిటయ్యా?" అని మిత్రులు నవ్వారు. ఇద్దరు పిల్లలు, కార్ సీట్లు, ఆగస్టులో ఇండియా నుంచి వస్తున్న అమ్మా నాన్నా. ఏడు సీట్లు లేకపోతే గుడికి వెళ్ళాలన్నా రెండు బండ్లు తీయాల్సిందే.

ఓహేర్ నుంచి ఇంటికి వస్తున్న దారిలో నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న, "మైలేజ్ ఎంతిస్తుందిరా?" గ్యాలన్‌కి 18 మైళ్ళు అన్నాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. మైళ్ళని కిలోమీటర్లు చేసి, గ్యాలన్లని లీటర్లు చేసి, టోల్ గేటు దాటేలోగా తేల్చేశారు. "లీటరుకి ఏడున్నర చిల్లరా! దీనికంటే మన ఊళ్ళో అద్దె అంబాసిడరే నయం కదరా." నాకు కాస్త పౌరుషం వచ్చింది. మర్నాడే గ్లవ్ బాక్సులో ఒక నోటు పుస్తకం పెట్టాను. గ్యాస్ కొట్టించిన ప్రతిసారీ తేదీ, ఓడోమీటర్ అంకె, గ్యాలన్లు, డాలర్లు రాయడం మొదలుపెట్టాను.

2023లో ఆ బండిని అమ్మేసేనాటికి 1,70,000 మైళ్ళు తిరిగింది. స్టిక్కర్ మీద ఊళ్ళో 17, హైవే మీద 23, రెండూ కలిపి 19 అని ఉండేది. మాకు సగటున 18 వచ్చింది. అంటే సుమారు 9,400 గ్యాలన్లు, 29 వేల డాలర్ల చిల్లర. బండిని కొన్నది 27 వేలకి! కొన్న ధర కంటే దానికి తాగించింది ఎక్కువన్న మాట. టైర్లు, బ్రేకులు, ఆయిల్, రిపేర్లు అన్నీ కలిపినా 11 వేలు దాటలేదు. నాలుగేళ్ళకోసారి బండి మార్చేవారికి ఈ లెక్క వర్తించదు. వాళ్ళకి అసలు ఖర్చు బండి విలువ పడిపోవడమే, గ్యాస్ దాని తర్వాతే. కానీ మనవాళ్ళలో చాలామంది వ్యాన్‌ని పిల్లలు కాలేజీకి వెళ్ళేదాకా వదలరు కదా!

ఇక అసలు సంగతికి వస్తాను. 2022 జూన్‌లో దేశ సగటు 5 డాలర్లు దాటింది. మా ప్రాంతంలో ధర ఎప్పుడూ ఒక మెట్టు పైనే ఉంటుంది. షికాగో చుట్టుపక్కల కౌంటీలలో ప్రత్యేకమైన రీఫార్ములేటెడ్ గ్యాసే అమ్మాలి. దానికి తోడు ఇల్లినాయ్ రాష్ట్రం 2019లో గ్యాస్ పన్నుని 19 సెంట్ల నుంచి 38కి పెంచింది, అప్పటి నుంచి అది ఏటా పెరుగుతోంది. గ్యాలన్‌కి 30 మైళ్ళిచ్చే నా సెడాన్‌ని అమ్మేసి, 50 ఇచ్చే హైబ్రిడ్ సెడాన్ తీసుకుందామని నిశ్చయించాను. వ్యాన్ మార్చి హైబ్రిడ్ వ్యాన్ కొంటే 18 నుంచి 36కి వెళతాం. అక్కడ పెరిగేది 18, ఇక్కడ 20. సెడాన్ మార్చడమే లాభం అనుకున్నాను. డిపాజిట్ కట్టడానికి ఫోన్ కూడా చేతిలోకి తీసుకున్నాను.

మా ఆవిడ అడిగింది, "ఏమండీ, నెలలో ఏ బండికి ఎన్నిసార్లు గ్యాస్ కొట్టిస్తున్నాం?" వ్యాన్‌కి కనీసం మూడుసార్లు. కోవిడ్ తర్వాత వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పని చేస్తున్న నా సెడాన్‌కి ఒక్కసారి, మహా అయితే రెండు. నోటు పుస్తకం తీసి లెక్క వేశాను. సెడాన్ ఏడాదికి 6,000 మైళ్ళు. ఇప్పుడు 200 గ్యాలన్లు, మారిస్తే 120. ఆదా 80. వ్యాన్ 11,000 మైళ్ళు. ఇప్పుడు 611, మారిస్తే 306. ఆదా 305! గ్యాలన్ 4 డాలర్లనుకుంటే 320 డాలర్లెక్కడ, 1,220 ఎక్కడ?

ఎక్కువ తిరగడం వల్లే ఇంత తేడా అనకండి. రెండూ సమానంగా 10,000 మైళ్ళు తిరిగినా సెడాన్‌లో మిగిలేది 133 గ్యాలన్లు, వ్యాన్‌లో 278. గ్యాలన్‌కి ఎన్ని మైళ్ళు అని లెక్కించడంలోనే ఈ మోసం ఉంది. డ్యూక్ యూనివర్సిటీకి చెందిన లారిక్, సోల్ అనే ప్రొఫెసర్లు 2008లో సైన్స్ పత్రికలో దీని గురించే రాశారు. బాగా తాగే బండిలో కొద్దిపాటి మెరుగుదల కూడా చాలా గ్యాస్ మిగులుస్తుంది, కానీ చూపు పెద్ద అంకె మీదికే పోతుంది. నాదీ అలాగే పోయింది, అదీ ఇంజనీరింగ్ చదివి! కెనడాలో ఉన్న మనవాళ్ళకి ఈ బాధ తక్కువ, అక్కడ నూరు కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు అని చెబుతారు. ఇక్కడ కూడా 2013 మోడల్ నుంచి కొత్త బండ్ల స్టిక్కర్ మీద నూరు మైళ్ళకి ఎన్ని గ్యాలన్లో చిన్న అక్షరాలతో వేస్తున్నారు. 18 అంటే 5.6 గ్యాలన్లు, 22 అంటే 4.5, 36 అంటే 2.8. బండి కొనేటప్పుడు చూడవలసింది ఆ చిన్న అక్షరాలనే.

2021 మోడల్ నుంచి సియెన్నా హైబ్రిడ్‌గానే వస్తోంది, ముందు చక్రాల మోడల్‌కి స్టిక్కర్ మీద 36. కానీ 2022లో దానికి పెద్ద క్యూ. ఒక డీలరు స్టిక్కర్ ధర మీద ఇంకో 5,000 అడిగాడు. మామూలు వీ-6 వ్యాన్ 22 ఇస్తుందనుకున్నా, దానితో పోలిస్తే హైబ్రిడ్‌లో మాకు ఏటా మిగిలేది 194 గ్యాలన్లు. మూడున్నర డాలర్ల చొప్పున 680 డాలర్లు. ఆ 5,000 తిరిగి రావడానికి ఏడేళ్ళు దాటుతుంది! ఇవ్వనన్నాను. తొమ్మిది నెలలు ఆగి, ఇంకోచోట స్టిక్కర్ ధరకే తీసుకున్నాం. ఆ తొమ్మిది నెలలూ పాత బండితోనే గడిచాయి. ఒక మాట మాత్రం చెప్పాలి. గ్యాస్ ఆదా కోసమే అయితే కొత్త బండికి నలభై వేల పైచిలుకు పోయడం ఏ లెక్కకీ అందదు. మా పాత వ్యాన్‌కి చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుతో అడుగంతా తుప్పు పట్టింది. ఎలాగూ మార్చాల్సిందే.

ఇక మన ఊరి చలి సంగతి. 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఊళ్ళో తిరిగితే మామూలు బండి మైలేజీ, 77 డిగ్రీలతో పోలిస్తే 15 శాతం దాకా పడిపోతుందని ప్రభుత్వ లెక్క. మూడు, నాలుగు మైళ్ళ చిన్న ప్రయాణాలకైతే 24 శాతం దాకా పోవచ్చు. మన ప్రయాణాలన్నీ అవే కదా! కుమాన్, భరతనాట్యం క్లాసు, రూట్ 59 మీద కూరగాయలు. ఇంజను వేడెక్కేలోగా గమ్యం వచ్చేస్తుంది. హైబ్రిడ్‌కి ఈ దెబ్బ ఇంకా ఎక్కువ, 30 శాతం పైనే. మా కొత్త వ్యాన్ వేసవిలో 35 ఇచ్చింది, జనవరిలో 29 దాటలేదు. బండి పాడైందేమోనని కంగారు పడనక్కర్లేదు. రెండు మూడు పనులు ఒకే ట్రిప్పులో కలుపుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంజను ఆన్ చేసి నిలబెడితే గంటకి పావు నుంచి అర గ్యాలన్ ఖర్చవుతుంది. మెట్రా స్టేషన్ ముందు, డాన్స్ క్లాసు బయట, మరీ ముఖ్యంగా చవక గ్యాస్ కోసం కాస్ట్‌కో లైన్లో మనం చేసేది అదే. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళినప్పుడు బండి పైన కట్టే సామాన్ల పెట్టె కూడా తక్కువది కాదు, హైవే మీద 6 నుంచి 17 శాతం దాకా తినేస్తుంది. తిరిగి రాగానే విప్పండి. మేము ఒక ఏడాది దాన్ని దీపావళి దాకా అలాగే ఉంచేశాం!

డాష్‌బోర్డు చూపే అంకెని పూర్తిగా నమ్మకండి, మా రెండు బండ్లలోనూ అది ఒకటి రెండు మైళ్ళు ఎక్కువే చూపించింది. ట్యాంకు నింపి, మళ్ళీ నింపేనాటికి తిరిగిన మైళ్ళని పట్టిన గ్యాలన్లతో భాగించడమే సరైన పద్ధతి. మా ఇంట్లో ఇప్పుడు ఆ నోటు పుస్తకం మా ఆవిడ దగ్గర ఉంది. నూరు మైళ్ళకి ఎన్ని గ్యాలన్లు అనే గడి కొత్తగా గీసింది. కిందటి నెల అందులో 3.0 అని రాసింది. నెలకి రెండుసార్లే గ్యాస్ కొట్టిస్తోంది. నా సెడాన్ మాత్రం ఇంకా ఆ పాతదే.