పండ్ల ప్లేటును పట్టు బూజు

రథసప్తమినాడు అరసవల్లికి పోయి, బిడ్డలకు ఆరోగ్యము ప్రసాదింపుమని సూర్యనారాయణస్వామిని వేడుకొనని తల్లి శ్రీకాకుళపు ప్రాంతమున అరుదు. ఆ బిడ్డలలో పలువురు నేడు ఎత్తుపండ్లు సరిచేసికొనుటకై అంగిటి కంటియుండు ప్లేటును ధరించుచున్నారు. తీగలు బిగించిన యీ ప్లేటును అక్రిలిక్ అను రెజినుతో చేయుదురు. కంటికి నున్నగనే యుండును గాని, సూక్ష్మదర్శినిలో చూచినచో దానియందు గుంటలును రంధ్రములును కనబడును. కాండిడా ఆల్బికన్స్ అను శిలీంధ్రము, అనగా ఒక జాతి బూజు, వానియందు తిష్ఠవేయును. ఇది చాలమంది నోళ్ళలో నూరకయే యుండునది. కాని ప్లేటు క్రింద లాలాజలము చక్కగా పాఱదు గావున అచ్చట పెచ్చుపెరిగి, అంగిలి యెఱ్ఱబడి మండును. పిల్లవాడు కూరలో కారమెక్కువైనదని మారాము చేయుచున్నాడని తల్లి విసుగుకొనును.

దీనికి మందు లేకపోలేదు. ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అను నిరువురు అమెరికా స్త్రీలు మట్టిలోని సూక్ష్మజీవి నుండి నిస్టాటిన్ అను ఔషధమును సాధించి 1950లో ప్రకటించిరి. ఒకరు న్యూయార్కు నగరమునను, వేఱొకరు ఆల్బనీయందును ఉండి, నమూనాలను తపాలాలో పంపుకొనుచు ఈ కార్యము నెరవేర్చిరి! అయినను మందు నోటిని బాగుచేసిన పిమ్మట, ప్లేటులో దాగిన బూజు మరల అంగిటికి ప్రాకును. కావున ప్లేటు పదార్థమునే మార్చవలెనని శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు. కొందరు వెండి రేణువులను, కొందరు రొయ్యపెంకుల నుండి తీసిన కైటోసానును కలిపి చూచుచున్నారు.

నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది టైటానియం డయాక్సైడు. గోడల తెల్లరంగులో వేయు పొడి యిదియే. దీని ముడిఖనిజమగు ఇల్మనైటు మన కళింగపట్నము, శ్రీకూర్మము తీరముల యిసుకలోనే కలదు. వెలుతురు సోకిన యీ పదార్థము నీటిని విడగొట్టగలదని జపానుదేశీయులగు ఫుజిషిమా, హోండాలు 1972లో ప్రకటించిరి. ఎండలోని అతినీలలోహిత కిరణములు దీనిపై పడినప్పుడు, తేమనుండియు ప్రాణవాయువునుండియు తీక్ష్ణమైన కణములు పుట్టి శిలీంధ్రపు పైపొరను చీల్చును. ఈ పొడి చేరిన రెజిను ముక్కలకు కాండిడా తక్కువగా అంటుకొనుట ప్రయోగశాలలలో చూచిరి.

అయితే, నోటిలో సూర్యుడేడీ? ఆ కిరణముల బలము ప్లేటు వెలుపల నున్నంతసేపే. పొడి యెక్కువైనచో ముద్దకట్టి రెజిను పెళుసగును. నమలునప్పుడు విఱుగు ప్లేటు బూజు లేనిదైన నేమి లాభము? రేణువులు రాలి కడుపులోనికి పోవునా యనునదియు తేలవలసియున్నది.

ఈ మాట విని మీ యింటి ప్లేటును ఎండబెట్టకుడు. సామాన్యపు రెజినులో ఆ పొడి యుండదు. ఆరి వంగినచో పండ్లకు కుదురదు. మరిగిన నీరును తగదు. చన్నీటితో, మెత్తని బ్రష్షుతో, కొంచెము సబ్బుతో దినదినము తోముడు. కచ్చికపొడి, పండ్లపొడి వాడినచో గీతలుపడి బూజునకు క్రొత్త యిండ్లు కట్టియిచ్చినట్లే. తీసియుంచినప్పుడు మంచినీటిలో వేసి, ఆ నీటిని ప్రతిదినము మార్చుడు. అంగిలి యెఱ్ఱబడినచో పిల్లవానితోపాటు ప్లేటును గూడ దంతవైద్యునికి చూపుడు.