1476124800000 అంటే ఏ రోజు? ఎస్‌ఎంఎస్ బ్యాకప్‌లో తేదీలు చదవడం ఇలా

నా పాత ఆండ్రాయిడ్ ఫోన్ డిస్‌ప్లే పోయేలా ఉంటే మొన్న అందులోని ఎస్‌ఎంఎస్‌లన్నీ ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌గా బ్యాకప్ తీశాను. బ్రౌజర్‌లో టేబుల్‌లా చూడ్డానికి చిన్న ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్ రాశా. మెసేజ్‌లు బాగానే వచ్చాయి. తేదీ దగ్గర మాత్రం అన్నీ 13 అంకెల నంబర్లే!

నేను వెతికింది ఒక్క మెసేజ్ కోసం. మాది గద్వాల. నా దోస్తుల్లో ఒకడిది వనపర్తి, ఇంకొకడిది నాగర్‌కర్నూల్. ముగ్గురిదీ మహబూబ్‌నగర్ జిల్లానే. 2016 అక్టోబర్ 11న, దసరా రోజు, మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. ఆ రాత్రి 12:10కి వనపర్తి వాడు పెట్టిన మెసేజ్ ఇది: "ఇయాల్టి నుంచి నీ జిల్లా వేరు, నా జిల్లా వేరు మామా."

ఆ నంబర్ ఏంటి?

1970 జనవరి 1 అర్ధరాత్రి (యూటీసీ) నుంచి గడిచిన సమయం. ఆండ్రాయిడ్ దీన్ని మిల్లీసెకన్లలో దాస్తుంది.

ఎలా మార్చాలి?

1. 1,000తో భాగించండి. సెకన్లు వస్తాయి: 1476124800.
2. 19,800 కలపండి. మన టైమ్ యూటీసీ కంటే 5:30 గంటలు ముందు కదా, ఆ సెకన్లు ఇవి.
3. 86,400తో భాగించండి. 17,085 రోజులు, 600 సెకన్లు మిగులు. అంటే రాత్రి 12:10.
4. 1970 జనవరి 1కి 17,085 రోజులు కలిపితే 2016 అక్టోబర్ 11.

నేను మొదట రెండో స్టెప్ మర్చిపోయా. అక్టోబర్ 10, సాయంత్రం 6:40 అని చూపించింది. అంటే వాడు జిల్లాలు రాకముందే మెసేజ్ పెట్టినట్టు! ఉదయం 5:30 లోపు వచ్చిన ప్రతి మెసేజ్‌కీ ఇలాగే తేదీ ఒకరోజు వెనక్కి పోతుంది.

ఏ వెర్షన్ వాడాలి?

బ్రౌజర్లలో ఉండేది 1999 నాటి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0. అందులో తేదీ ఫంక్షన్లు లేవు, లీప్ ఇయర్ లెక్కతో సహా మనమే రాసుకోవాలి. 2007లో వచ్చిన 2.0లో అయితే తేదీకి సెకన్లు నేరుగా కలపొచ్చు, నచ్చిన ఫార్మాట్‌లో చూపించొచ్చు. కంప్యూటర్‌లో శాక్సన్‌తో రన్ చేస్తే సరిపోతుంది. నా సలహా ఇదే.

ఇప్పుడు నా టేబుల్‌లో ఆ మెసేజ్ పక్కన సరైన తేదీ ఉంది. స్క్రీన్‌షాట్ తీసి ఇద్దరికీ పంపేశా. మీరూ ఫోన్ మార్చేముందు బ్యాకప్ తీసుకోండి. తేదీలు సరిగ్గా వచ్చాయో లేదో, మీకు బాగా గుర్తున్న ఒక రోజుతో చెక్ చేసుకోండి.