సముద్రపు రంగు ఏది?

మన వృత్తిలో 'సముద్రపు రంగు' అను మాట తరచు వినబడును. ఆ మాటతో ఒకరు ముదురు నీలమును, మరియొకరు ఆకుపచ్చ కలిసిన లేత నీలమును కోరుదురు. మచ్చు లేక ఒప్పుకొన్న పనిలో తగవు పుట్టినచో నష్టపడువాడు నేతగాడే. నిజమునకు ఇద్దరి మాటయు సత్యమే. అది ఎట్లో చూతము.

సముద్రపు నీటిని దోసిట పట్టినచో రంగే కనబడదు. ఉప్పు వలన రంగు వచ్చునని కొందరందురు, అది సరికాదు. నీటికే మిక్కిలి లేత నీలపు చాయ కలదు. లేతరంగు పలుచని బట్ట ఒక్క పొరగా తెల్లగా తోచినను, పది మడతలు వేసినచో చాయ తేలును గదా! నీరును అంతే. సూర్యకాంతిలోని ఎరుపును నీరు త్వరగా మ్రింగివేయును. తేటనీటిలో 10 మీటర్ల లోతు చేరునప్పటికే ఎరుపు దాదాపు మాయమగును. నీలము 100 మీటర్లు దాటియు పోగలదు. అందు కొంత చెదరి, పైకి మరలివచ్చి మన కంటబడును.

ఆకాశపు ప్రతిబింబమే సముద్రపు నీలమని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు తలచెను. బాల్యమున విశాఖపట్నమున చదువుకొన్న చంద్రశేఖర వెంకట రామన్ గారు 1921లో ఓడ ప్రయాణమున మధ్యధరా సముద్రమును పరీక్షించిరి. నికోల్ పట్టకముతో ఆ ప్రతిబింబమును తొలగించి చూచినను నీలము పోలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవని 1922లో ప్రకటించిరి. మబ్బు పట్టిన దినమున సముద్రము బూడిదరంగుగా తోచుట ప్రతిబింబము వలననే. లోని నీలము మాత్రము నీటి సొంతము.

ఇక ఉష్ణమండలపు సముద్రముల సంగతి. అచ్చట వెచ్చని నీరు తేలికయై పైననే నిలిచియుండును. అడుగున నున్న పోషక లవణములు అంతగా పైకి రావు. అందుచే నీటిలో పెరుగు సూక్ష్మమైన మొక్కలు తక్కువ, నీరు తేట, లోతైనచోట నీలిమందు వంటి ముదురు నీలము. ఆ మొక్కలు ఎక్కువగానున్నచోట నీరు ఆకుపచ్చనగును. లక్షద్వీపములలో పగడపు దిబ్బల లోపల నీరు లోతు తక్కువ, అడుగున తెల్లని పగడపు ఇసుక. కాంతి ఆ ఇసుకను తాకి వెంటనే మరలుటచే నీరు లేత మైలుతుత్తపు రంగున మెరయును. యానాము దాటి గౌతమి సముద్రమున కలియుచోట వరదల నాడు ఒండ్రు నీలమును మ్రింగివేయగా నీరు మట్టిరంగుగా నుండును.

నీలపు పడుగు, ఆకుపచ్చ పేకతో నేసిన నెమలికంఠపు చీర చూచు వైపును బట్టి చాయ మార్చును. సముద్రమును లోతు, అడుగు, ఒండ్రు, వెలుతురులను బట్టి అట్లే మార్చును. కావున 'సముద్రపు రంగు' అనునది ఒక్క రంగు పేరు కాదు. అట్టి ఆర్డరు వచ్చినప్పుడు నూలు మచ్చు అడిగి తీసికొనుడు. పగటి వెలుతురున సరిచూచి, ఉభయులును ఒప్పుకొన్న పిదపనే నూలును తొట్టిలో ముంచుడు.